లార్డ్ జార్జ్ పిగట్: ఐరిష్ బిరుదు, బ్రిటిష్ పార్లమెంటు, చెన్నపట్నం అధికార సంక్షోభం

వ్యాససంగ్రహం

జార్జ్ పిగట్ (1719-1777) ఈస్టిండియా కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరి, రెండు పర్యాయాలు మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. బ్రిటిష్ కామన్స్ సభలో సభ్యుడు. ఐర్లండు పీరేజిలో బ్యారన్. 1776 ఆగస్టులో సొంత కౌన్సిల్ సభ్యులే అతణ్ణి నిర్బంధించారు. నిర్బంధంలోనే అతడు మరణించాడు. ఈ ఘటనను అవినీతిపరులైన అప్పులవాళ్లకూ నిజాయతీపరుడైన గవర్నరుకూ మధ్య పోరుగా చెప్పడం ఒక పద్ధతి. మెజారిటీని ధిక్కరించిన నియంత పతనంగా చెప్పడం మరొకటి. పిగట్ జీవితాన్ని వరుసక్రమంలో పరిశీలించి, ఈ రెండు చిత్రాలూ ఎంతవరకు నిలుస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది. మద్రాసు ప్రభుత్వంలో తుది అధికారం ఎవరిదనే రాజ్యాంగపరమైన అస్పష్టత, ఆ అస్పష్టతను ఆసరా చేసుకున్న ప్రైవేటు రుణవ్యాపారం ఈ సంక్షోభానికి మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జార్జ్ పిగట్, మద్రాసు కౌన్సిల్, ఆర్కాటు నవాబు అప్పులు, తంజావూరు, ఐరిష్ పీరేజి, ఉత్తర సర్కారులు.

1. ప్రవేశిక

1776 ఆగస్టు 24న మద్రాసు గవర్నరు లార్డ్ పిగట్ సెయింట్ జార్జి కోట నుంచి తన తోట బంగళాకు గుర్రపుబండిలో బయలుదేరాడు. పక్కన కూర్చున్నవాడు కర్నల్ జేమ్స్ స్టువర్ట్. దారిలో సైనికాధికారులు బండిని అడ్డగించి గవర్నరును బందీని చేశారు. పక్కనున్న స్టువర్టే ఆ పథకాన్ని అమలు జరిపినవాడు. పిగట్‌ను పట్టణానికి సుమారు తొమ్మిది మైళ్ల దూరంలోని సెయింట్ థామస్ కొండకు తరలించి, ఫిరంగిదళం కాపలాలో ఉంచారు.

మద్రాసు చరిత్రలో గవర్నరు నిర్బంధానికి గురికావడం అదే మొదటిసారి కాదు. 1665లో ఎడ్వర్డ్ వింటర్ తన స్థానంలో వచ్చిన జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్‌ను ఖైదుచేసి 1668 వరకు కోటను తన అధీనంలో ఉంచుకున్నాడు. అప్పటి కంపెనీ ప్రధానంగా వర్తక సంస్థ. 1776 నాటికి అది రాజ్యాలను ఏలుతోంది, రాజులను దించుతోంది, నిలబెడుతోంది. అందుచేత రెండో నిర్బంధం లండన్ పార్లమెంటు దాకా, రాజు న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒక వ్యక్తి దురదృష్టం రాజ్యాంగ ప్రశ్నగా మారిన క్రమాన్ని గ్రహించాలంటే పిగట్ జీవితాన్ని మొదటినుంచి చూడాలి.

2. తొలి జీవితం, కంపెనీ ఉద్యోగం

పిగట్ 1719 మార్చి 4న జన్మించాడు. తండ్రి వెస్ట్‌మినిస్టర్‌కు చెందిన రిచర్డ్ పిగట్. తల్లి ఫ్రాన్సెస్ కరొలైన్ రాణి కొలువులో అలంకరణ పరిచారిక. కుటుంబానికి గొప్ప భూవసతి లేదు. ఆస్థానపు అంచున మసలిన కుటుంబం అది. ముగ్గురు సోదరులూ మూడు దారుల్లో పైకి వచ్చారు. రాబర్ట్ సైన్యంలో చేరి 1775లో అమెరికాలోని బంకర్ హిల్ యుద్ధంలో పేరు పొందాడు. హ్యూ నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు. పెద్దవాడైన జార్జ్ 1736లో కంపెనీలో రైటర్‌గా, అంటే అట్టడుగు శ్రేణి గుమాస్తాగా, చేరి మరుసటి ఏడు మద్రాసు చేరాడు.

1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్లు కంపెనీ ప్రధాన కార్యస్థానం కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో ఉంది. పిగట్ అక్కడ కౌన్సిల్ సభ్యుడయ్యాడు. 1751లో రాబర్ట్ క్లైవ్‌తో కలిసి తిరుచిరాపల్లికి సైనికులను, సామగ్రిని చేర్చే పని అతనికి అప్పగించారు. తిరుగు ప్రయాణంలో పాళెగాళ్ల దాడి నుంచి ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. వర్తక ఉద్యోగికీ, సైనికుడికీ, దౌత్యవేత్తకూ మధ్య గీతలు చెరిగిపోతున్న కాలమది. పిగట్ ఆ కాలపు మనిషి. 1755 జనవరి 14న థామస్ సాండర్స్ తరువాత మద్రాసు గవర్నరు పదవి స్వీకరించేనాటికి అతని వయస్సు 36 సంవత్సరాలు నిండలేదు.

3. తొలి గవర్నరు పదవి (1755-1763)

పిగట్ కీర్తికి పునాది ఈ ఎనిమిదేళ్లలోనే పడింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించాడు. రక్షణ సైనిక బాధ్యత స్ట్రింజర్ లారెన్స్‌ది కాగా, పరిపాలన, సరఫరా, సమన్వయ బాధ్యతలు గవర్నరువి. రెండు నెలలకు పైగా సాగిన ముట్టడి 1759 ఫిబ్రవరిలో ఆంగ్ల నౌకల రాకతో ముగిసింది. 1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. జయించిన పట్టణం రాజు సేనలదా, కంపెనీదా అనే వివాదం తలెత్తినప్పుడు, దాన్ని కంపెనీకి అప్పగించకపోతే సైన్యపు ఖర్చులకు డబ్బు ఇవ్వనని పిగట్ భీష్మించాడు. సేనాధిపతులు దిగివచ్చారు. పుదుచ్చేరి కోట నేలమట్టమైంది. ఖజానా తాళాన్ని రాజకీయ ఆయుధంగా వాడడం, ఎదుటివారి అభ్యంతరాన్ని లెక్కచేయకపోవడం అనే రెండు లక్షణాలు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తాయి. 1761లో విజయాన్నిచ్చిన ఈ స్వభావమే 1776లో అతణ్ణి చిక్కుల్లో పడవేసింది.

ఇదే పదవీకాలంలో జరిగిన మరొక ఒప్పందం తరువాతి కథకు కీలకం. ఆర్కాటు నవాబు మహమ్మదలీకీ, తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడికీ మధ్య 1762లో పిగట్ ప్రభుత్వం సంధి కుదిర్చింది. పాతబాకీల కింద రాజు 22 లక్షల రూపాయలు వాయిదాలలో చెల్లించాలి. ఏటా 4 లక్షల పేష్కష్ కట్టాలి. ఈ సంధికి కంపెనీయే హామీదారు. అంటే, తంజావూరు రాజ్యం నవాబుకు కప్పం కట్టే ప్రత్యేక రాజ్యమని కంపెనీ లిఖితపూర్వకంగా అంగీకరించింది. ఆ అంగీకారం వెనుక ఉన్నది పిగట్ మాటే.

4. ఐరిష్ పీరేజి, కామన్స్ సభ

1763 నవంబరులో పదవి వదిలి పిగట్ స్వదేశం చేరాడు. భారతదేశంలో సంపాదించిన ధనంతో ఇంగ్లండులో హోదా కొనుక్కునే ‘నబోబు’ల తరంలో అతడొకడు. స్టాఫర్డ్‌షైర్‌లోని ప్యాట్‌షల్ ఎస్టేటును లక్ష పౌన్లకు కొన్నాడు. 1764లో బ్యారనెట్ హోదా, 1766 జనవరిలో ఐర్లండు పీరేజిలో ‘బ్యారన్ పిగట్ ఆఫ్ ప్యాట్‌షల్’ బిరుదు లభించాయి. బిరుదు పత్రంలో డబ్లిన్ కౌంటీ పేరున్నా, ప్యాట్‌షల్ మాత్రం ఇంగ్లండులోనిదే.

ఈ వైచిత్రికి కారణం నాటి పీరేజి వ్యవస్థలో ఉంది. ఇంగ్లండు లేదా గ్రేట్ బ్రిటన్ పీరు అయినవాడు వెస్ట్‌మినిస్టర్‌లోని లార్డ్స్ సభకు వెళ్లాలి. కామన్స్ సభలో ఉండడానికి వీల్లేదు. ఐర్లండుకు అప్పట్లో డబ్లిన్‌లో వేరే పార్లమెంటు, వేరే లార్డ్స్ సభ ఉండేవి. అందువల్ల ఐరిష్ పీరుకు వెస్ట్‌మినిస్టర్ లార్డ్స్ సభలో స్థానం రాదు. బ్రిటిష్ నియోజకవర్గం నుంచి కామన్స్‌కు ఎన్నిక కావడానికి అడ్డంకీ ఉండదు. రాజు దృష్టిలో ఇది లార్డ్స్ సభ బలాబలాలను కదపని బహుమతి. గ్రహీత దృష్టిలో ‘లార్డ్’ అనే గౌరవంతోపాటు కామన్స్ సభలోని పలుకుబడీ నిలుపుకొనే మార్గం. భారతదేశం నుంచి తిరిగివచ్చినవారికి ఇది బాగా కుదిరింది. 1762లో క్లైవ్‌కు దక్కిన ‘బ్యారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ’ కూడా ఐరిష్ బిరుదే. తరువాత మద్రాసు గవర్నరైన మెకార్ట్‌నీ సైతం ఐరిష్ పీరే.

పిగట్ 1765 నుంచి 1768 వరకు వాలింగ్‌ఫర్డ్‌కు, 1768 నుంచి మరణం వరకు బ్రిడ్జ్‌నార్త్‌కు కామన్స్‌లో ప్రాతినిధ్యం వహించాడు. అంటే, మద్రాసులో బందీగా ఉన్న నాడూ అతడు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడే. అతని సోదరులకు, రాజకీయ మిత్రులకు లండన్‌లో గొంతు ఉంది. మద్రాసు ఘటన కంపెనీ దస్త్రాల్లో కప్పబడిపోకపోవడానికి ఇదొక ముఖ్యకారణం.

5. తంజావూరు వివాదం: నేపథ్యం

పిగట్ లేని పన్నెండేళ్లలో కర్ణాటక రాజకీయం మారిపోయింది. 1763 పారిస్ సంధి మహమ్మదలీని కర్ణాటక నవాబుగా గుర్తించింది. కానీ అతని ఖజానాకు యుద్ధాల బరువు మోయలేనిదైంది. కంపెనీకి చెల్లించవలసిన సైనిక వ్యయం కోసం అతడు కంపెనీ ఉద్యోగుల దగ్గరే అధిక వడ్డీకి అప్పు చేశాడు. అప్పుకు హామీగా జిల్లాల శిస్తు రాబడిపై తంఖాలు, అంటే రాబోయే వసూళ్లను ముందుగానే ఫలానావారికి కేటాయిస్తూ ఇచ్చే పత్రాలు, రాసి ఇచ్చాడు. 1760ల చివరినాటికి నవాబు ఆర్కాటు విడిచి చెన్నపట్నపు చేపాక్కంలో కాపురం పెట్టాడు. దీనితో అప్పిచ్చినవారూ, పుచ్చుకున్నవాడూ, ప్రభుత్వమూ ఒకే ఊరి పొలిమేరల్లోకి వచ్చారు.

ఈ ఏర్పాటులో ఒక విపరీతం దాగి ఉంది. కౌన్సిల్ సభ్యుడు పగటిపూట నవాబుపై కంపెనీ విధానాన్ని నిర్ణయిస్తాడు. అతడే నవాబుకు అప్పిచ్చినవాడు, లేదా అప్పిచ్చినవారి మిత్రుడు. నవాబు రాజ్యం పెరిగితే అప్పుకు హామీ పెరుగుతుంది. కావేరి డెల్టాలోని తంజావూరు దక్షిణాదిన అత్యంత సారవంతమైన భూమి. పేష్కష్ బకాయిల పేరిట 1771లో ఒకసారి, 1773లో మరొకసారి కంపెనీ సేనలు నవాబు తరఫున తంజావూరుపై దండెత్తాయి. 1773 సెప్టెంబరులో రాజు తులజాజీ బందీ అయ్యాడు. రాజ్యం నవాబు పరమైంది. వెంటనే ఆ రాజ్యపు పంటలపై, శిస్తుపై కొత్త తంఖాలు పుట్టుకొచ్చాయి.

1762 సంధికి కంపెనీ ఇచ్చిన హామీని కంపెనీ సేనలే భగ్నం చేయడం లండన్ డైరెక్టర్లకు మింగుడుపడలేదు. రాజుకు రాజ్యాన్ని తిరిగి ఇవ్వాలని వారు ఆదేశించారు. ఆ పనికి ఎంచుకున్నది, ఆ సంధిని కుదిర్చిన పిగట్‌నే. 1775 డిసెంబరు 11న అతడు రెండోసారి మద్రాసు గవర్నరుగా బాధ్యతలు చేపట్టాడు.

6. కౌన్సిల్‌లో చీలిక, నిర్బంధం

1776 ఏప్రిల్‌లో పిగట్ స్వయంగా తంజావూరు వెళ్లి తులజాజీని సింహాసనంపై పునఃప్రతిష్ఠించాడు. అంతవరకు డైరెక్టర్ల ఆదేశం స్పష్టం. ఆ వెంటనే కంపెనీలో పెద్ద హోదాలేని ఉద్యోగి పాల్ బెన్‌ఫీల్డ్ ఒక భారీ కోరికతో ముందుకు వచ్చాడు. నవాబుకిచ్చిన అప్పు కింద తంజావూరు శిస్తుపైన, రైతులకిచ్చిన అప్పు కింద అక్కడి పంటపైన తనకు హక్కు ఉందన్నాడు. మొత్తం సుమారు 2,34,000 పౌన్లు. ఆధారాలు లేవంటూ కౌన్సిల్ మొదట తిరస్కరించింది. కొద్ది వారాల్లోనే మెజారిటీ మనసు మార్చుకుంది. నవాబు ఇచ్చిన తంఖాలు చెల్లుతాయని ఒప్పుకుంటే రాజుకు తిరిగి దక్కినది పేరుకు మాత్రమే రాజ్యం. రాబడి అప్పులవాళ్లదే. పిగట్ ససేమిరా అన్నాడు.

పైకి కనిపించిన తగాదా మాత్రం మరొకటి. తంజావూరుకు రెసిడెంటుగా క్లాడ్ రసెల్‌ను పంపాలా, లేక సైనికాధికారం పేరిట కర్నల్ స్టువర్ట్‌ను పంపాలా? రసెల్ పిగట్ పక్షం వాడు. స్టువర్ట్ మెజారిటీకి ఆప్తుడు. తంజావూరులో ఎవరుంటే పంట ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు. స్టువర్ట్‌కు ఇవ్వవలసిన ఉత్తర్వులపై మెజారిటీ తీర్మానం చేయబోగా, పిగట్ దాన్ని ఓటింగుకు పెట్టనన్నాడు. గవర్నరు సమ్మతి లేని తీర్మానం ప్రభుత్వ ఉత్తర్వు కాదన్నది అతని వాదం. గవర్నరు కేవలం అధ్యక్షుడని, కౌన్సిల్ మెజారిటీయే ప్రభుత్వమని మిగతావారి వాదం.

ఆగస్టు 22న ప్రతిష్టంభన బద్దలైంది. మెజారిటీ తరఫున జార్జ్ స్ట్రాటన్, హెన్రీ బ్రూక్ ఒక ఉత్తర్వుపై సంతకాలు చేశారు. పిగట్ వెంటనే వారిపై అభియోగం మోపాడు. అభియోగం ఎదుర్కొనే సభ్యులకు ఆ విషయంలో ఓటు ఉండదని కంపెనీ నియమం. అలా ఇద్దరి ఓట్లు తీసివేసి, తన నిర్ణాయక ఓటుతో వారిని సస్పెండు చేశాడు. మరునాడు తక్కినవారు సమావేశానికి రాకుండా, తామే ప్రభుత్వమని ప్రకటన పంపారు. పిగట్ వారందరినీ సస్పెండు చేసి, సేనాధిపతి సర్ రాబర్ట్ ఫ్లెచర్‌ను నిర్బంధించమని ఆజ్ఞాపించాడు. ఆ మరునాడే స్టువర్ట్ చేతిలో పిగట్ బందీ అయ్యాడు. స్ట్రాటన్ గవర్నరు పీఠమెక్కాడు. కలకత్తాలోని వారన్ హేస్టింగ్స్ ప్రభుత్వం మెజారిటీనే సమర్థించింది.

ఈ వరుసలో గమనించవలసినది, ఇరుపక్షాలూ నియమం పేరుతోనే నియమాన్ని వంచాయి. మెజారిటీ మాటే చెల్లుబాటని కంపెనీ సంప్రదాయం చెబుతుంటే పిగట్ తీర్మానాన్ని ఓటుకు పెట్టలేదు. అభియోగాన్ని ఓట్లు తగ్గించే పనిముట్టుగా వాడాడు. మెజారిటీవారు ఓటు హక్కును కాపాడుకుంటున్నామంటూ సైన్యాన్ని ఉపయోగించారు. ఓడినచోట నియమాన్ని వదిలి తుపాకిని పట్టారు. రెండో తప్పు మొదటిదానికంటే ఎంతో పెద్దది. కానీ మొదటిది తప్పు కాకుండా పోదు.

7. మరణం, లండన్ స్పందన, న్యాయ విచారణ

వార్త లండన్ చేరడానికి నెలలు పట్టింది. కంపెనీ వాటాదారుల సభ పిగట్‌ను సమర్థించింది. నవాబు తరఫు ప్రతినిధులు, వారికి అనుకూలురైన రాజకీయులు ఎదురు ప్రయత్నాలు చేశారు. 1777 మే 22న గవర్నర్ జాన్‌స్టన్ కామన్స్‌లో పిగట్‌కు అనుకూలంగా ప్రవేశపెట్టిన తీర్మానాలు 90-67 ఓట్ల తేడాతో వీగిపోయాయి. చివరకు కంపెనీ ఒక విచిత్రమైన రాజీ కుదిర్చింది. పిగట్‌ను లాంఛనంగా పదవిలో పునరుద్ధరించాలి. వారం లోపల అతడు వారసుడికి అధికారం అప్పగించి ఇంగ్లండుకు తిరిగిరావాలి. నిర్బంధించినవారూ తిరిగిరావాలి.

ఆ ఆజ్ఞలు బయలుదేరేనాటికే ఆజ్ఞ పొందవలసినవాడు లేడు. అనారోగ్యం కారణంగా కంపెనీ తోట బంగళాకు మార్చిన పిగట్ 1777 మే 11న అక్కడే మరణించాడు. కోటలోని సెయింట్ మేరీ చర్చిలో అతణ్ణి ఖననం చేశారు. మరణవిచారణ జరిపిన జ్యూరీ నిర్బంధకారులపై హత్యాభియోగం మోపింది. కలకత్తా న్యాయమూర్తులు ఆ ప్రక్రియ సక్రమం కాదని భావించారు. హత్యాభియోగం అక్కడితో ఆగిపోయింది.

1779 ఏప్రిల్‌లో సోదరుడు అడ్మిరల్ హ్యూ పిగట్ ఈ విషయాన్ని కామన్స్ ముందుకు తెచ్చాడు. అప్పటికి ఇంగ్లండులో ఉన్న స్ట్రాటన్, బ్రూక్, చార్లెస్ ఫ్లాయర్, జార్జ్ మకే అనే నలుగురిపై అభియోగం నడపాలని సభ రాజును కోరింది. అదే ఏడు డిసెంబరులో కింగ్స్ బెంచ్ న్యాయస్థానంలో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఎదుట విచారణ జరిగింది. ప్రభుత్వం స్తంభించిపోయే స్థితిలో తమకు వేరే దారి లేకపోయిందని ముద్దాయిలు ఆవశ్యకతను ఆసరాగా చూపారు. జ్యూరీ దాన్ని అంగీకరించక నేరం రుజువైందని తీర్పు చెప్పింది. అధికారులు చట్టాన్ని మీరినప్పుడు ‘ఆవశ్యకత’ ఎంతవరకు సమర్థన కాగలదనే చర్చలో ఈ కేసు తరువాతి న్యాయశాస్త్ర గ్రంథాల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంది. శిక్ష మాత్రం స్వల్పం. 1780 ఫిబ్రవరిలో ఒక్కొక్కరికి వేయి పౌన్ల జరిమానా విధించారు. కట్టి బయటకు నడిచారు. స్టువర్ట్‌ను మద్రాసులో సైనిక న్యాయస్థానం నిర్దోషిగా విడుదల చేసింది.

పిగట్ అవివాహితుడు. బ్యారన్ బిరుదు అతనితో అంతరించింది. బ్యారనెట్ హోదా ప్రత్యేక షరతు ప్రకారం సోదరుడు రాబర్ట్‌కు సంక్రమించింది. భారతదేశం నుంచి తెచ్చిన పెద్ద వజ్రం ‘పిగట్ వజ్రం’ పేరుతో ప్రసిద్ధమైంది. దాన్ని అతడు సోదరులకు, సోదరికి వదిలాడు. కొనగలవారు దొరకడం కష్టమై, పార్లమెంటు ప్రత్యేక చట్టంతో లాటరీ ద్వారా వదిలించుకున్నారు. లంచగొండులకు ఎదురునిలిచిన గవర్నరుగా కీర్తించేటప్పుడు ఆ వజ్రాన్నీ, లక్ష పౌన్ల ఎస్టేటునూ పక్కన పెట్టలేం. తొలి పదవీకాలంలో అతని సంపద పెరిగింది కూడా ఆ వ్యవస్థలోనే.

8. తెలుగు ప్రాంత చరిత్రతో సంబంధం

పిగట్ కథ తమిళదేశానికే పరిమితమైనదిగా కనిపిస్తుంది. తెలుగు ప్రాంతాల భవితవ్యాన్ని నిర్ణయించిన కౌన్సిల్ కూడా అదే. 1758లో ఫ్రెంచివారిపై తిరగబడిన విజయనగరం రాజు ఆనందగజపతి సహాయం కోసం ముందుగా ఆశ్రయించింది పిగట్ నడిపిన మద్రాసు ప్రభుత్వాన్నే. లాలీ ముట్టడి ముంచుకొస్తున్నందున మద్రాసు చేయి చాచలేకపోయింది. అందుకే రాజు కలకత్తాలోని క్లైవ్ వైపు తిరిగాడు. క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. తీరాంధ్రలో కంపెనీ పాలనకు తలుపు తెరిచిన ఈ ఘట్టంలో మద్రాసు ముట్టడి అలా ఒక కారణమైంది.

రెండో సంబంధం అప్పులది. నవాబు రాజ్యంలో తెలుగుదేశపు దక్షిణ భాగమైన నెల్లూరు సీమ ఉంది. వెంకటగిరి, కాళహస్తి పాలకులు అతనికి పేష్కష్ కట్టేవారు. చేపాక్కంలో రాసిన తంఖా భారం చివరకు ఇటువంటి సీమల రైతుమీదనే పడేది. 1785లో ఎడ్మండ్ బర్క్ ఆర్కాటు నవాబు అప్పులపై కామన్స్‌లో చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో బెన్‌ఫీల్డ్ ప్రధాన లక్ష్యం. మూడో సంబంధం పరిపాలనది. ఉత్తర సర్కారుల జమీందారీలను పరిశీలించేందుకు ఏర్పడిన సర్క్యూట్ కమిటీని, పిగట్ అనంతరం గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డ్ 1778లో రద్దుచేసి, జమీందారులను మద్రాసుకే పిలిపించాడు. విజయనగరం వ్యవహారాలతో సహా ఈ చర్యలపై వచ్చిన అవినీతి ఆరోపణలను పార్లమెంటు విచారించింది. అధికారాన్ని, ప్రైవేటు ఆర్జనను వేరుచేయలేని మద్రాసు వ్యవస్థ తంజావూరులో ఒక రూపంలో, సర్కారుల్లో మరొక రూపంలో కనిపించింది.

9. ముగింపు

పిగట్‌ను అమరవీరుడిగానో, నియంతగానో చూడడం వల్ల అసలు సమస్య మరుగునపడుతుంది. గవర్నరు మెజారిటీని కాదనగలడా అనే ప్రశ్నకు 1776లో తిరుగులేని జవాబు లేదు. ఆ ఖాళీలోనే అప్పులవాళ్లకు ఓటు ఆయుధమైంది. ఓటు పనిచేయనప్పుడు సైన్యం ఆయుధమైంది. పార్లమెంటు ఈ లోపాన్ని ఆలస్యంగా సరిదిద్దింది. 1786 చట్టం అవసరమైనప్పుడు కౌన్సిల్ మెజారిటీని తోసిపుచ్చే అధికారాన్ని గవర్నర్ జనరల్‌కు ఇచ్చింది. 1793 చార్టర్ చట్టం మద్రాసు, బొంబాయి గవర్నర్లకు కూడా అటువంటి అధికారాన్ని స్థిరపరిచింది. పిగట్ ఏ అధికారం తనకుందని పట్టుబట్టి బందీ అయ్యాడో, ఆ అధికారం అతని మరణానంతరం చట్టంగా వచ్చింది.

అయితే ఆ పరిష్కారం ఏకవ్యక్తి అధికారాన్ని పెంచిందే తప్ప, పాలితులకు జవాబు చెప్పే బాధ్యతను తేలేదు. పిగట్, స్ట్రాటన్ల మధ్య నడిచిన వివాదపు పొడవునా, బెన్‌ఫీల్డ్ హక్కుగా కోరిన పంటను పండించిన కావేరి రైతు గొంతు ఎక్కడా వినిపించదు. లండన్‌లో తులజాజీకి, నవాబుకు ప్రతినిధులున్నారు. నిర్బంధానికి గురైన లార్డుకు కామన్స్ సభలో సోదరుడున్నాడు. రైతుకు ఎవరూ లేరు. పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసు పాలనను అధ్యయనం చేసేవారు కౌన్సిల్ కార్యక్రమ పత్రాలను చదివేటప్పుడు, అందులో నమోదైన వాదనలతోపాటు ఈ మౌనాన్ని కూడా ఆధారంగా పరిగణించవలసి ఉంటుంది.